ఆనవాలు అడిగే వాహనం

శ్రీమద్రామాయణంలోని సుందరకాండలో హనుమంతుడు అశోకవనంలో సీతాదేవిని దర్శించిన ఘట్టం తెలుగువారికి చిరపరిచితం. ఆ ఘట్టాన్ని తలచుకోగానే మనకు ముందుగా స్ఫురించేది రాముని ఉంగరం. అయితే వాల్మీకి కథనాన్ని శ్రద్ధగా చదివినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. హనుమంతుడు ఎదుటికి వచ్చిన వెంటనే ఉంగరం ఇవ్వలేదు. మాయారూపంలో వచ్చిన రావణుడేమోనని సీత అతనిని శంకించింది. రామలక్ష్మణుల రూపలక్షణాలను చెప్పమని అడిగింది. నరులకూ వానరులకూ మైత్రి ఎట్లా కుదిరిందో వివరించమన్నది. ఆ ప్రశ్నలకు సరియైన సమాధానాలు వచ్చిన తరువాతనే ఉంగరం ఆమె చేతికి అందింది. వస్తువును చూపడానికి ముందు ప్రశ్నోత్తరాలు నడిచాయి.

ఇట్లా గుర్తుగా చూపే వస్తువును తెలుగులో ఆనవాలు అంటాము. సంస్కృతంలో అభిజ్ఞానం. ఆనవాలు పోగొట్టుకొన్నవారి అవస్థ ఎట్టిదో కాళిదాసు శకుంతల కథలో చూపించాడు. రాజు అదే రాజు, భార్య అదే భార్య. ఉంగరం మాత్రం నీటిలో జారిపోయింది. అంతటితో ఆమె పరాయిది అయింది. వ్యాసభారతంలోని శకుంతలకు ఉంగరం లేదు. అక్కడ ఆకాశవాణి సాక్ష్యం చెప్పి ఆమెను గట్టెక్కించింది. ఈ రెండు కథలనూ తరగతిలో ముప్పై ఏళ్లపాటు పాఠం చెప్పిన నాకు, ఒక శ్రావణమాసపు రాత్రి శకుంతల అవస్థ స్వయంగా అనుభవానికి వచ్చింది. నన్ను గుర్తించనన్నది రాజు కాదు, నా కారు.

ఆ రాత్రి పదకొండు గంటలు దాటింది. విజయవాడలో వాన కురుస్తున్నది. పక్కింటి అబ్బాయి పరుగున వచ్చి, "మాష్టారూ, మామ్మకి ఊపిరాడటం లేదు, ఒక్కసారి కారు తీస్తారా!" అన్నాడు. పెద్దావిడను ఇద్దరు పట్టుకొని వెనుక సీటులో కూర్చోబెట్టారు. నేను తాళంచెవి తిప్పాను. సెల్ఫ్ మోటారు చక్కగా తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పాను. ఈసారి క్షణకాలం పలికి ఆగిపోయింది. ఎనిమిది పర్యాయాలు ప్రయత్నించాను. చుట్టూ చేరిన నలుగురూ, "తోద్దాం మాష్టారూ" అని వీధి చివరిదాకా తోశారు. ఫలితం లేదు. నా ఎదుట డ్యాష్‌బోర్డుపై తాళంచెవి బొమ్మగల చిన్న దీపం ఆగి ఆగి వెలుగుతూనే ఉన్నది. దాని అర్థం నాకు తెలియదు. చివరకు ఎవరో 108కి ఫోన్ చేశారు. ఆ వాహనం వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ శ్వాస శబ్దాన్ని వింటూ, నా చేతిలో తాళంచెవి ఉండి కూడా, నేను నిస్సహాయుడనై నిలబడ్డాను.

మరునాడు ఉదయం మా వీధి చివరి మెకానిక్ వచ్చాడు. బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు. నా తాళాల గుత్తిని చేతిలోకి తీసుకొని, "సార్, ఈ రెండో తాళం ఏ బండిది?" అన్నాడు. అది మా అమ్మాయి కారుది. క్రితంరోజు ఆమె వచ్చినప్పుడు, ఎక్కడైనా పోతుందేమోనని నా గుత్తికే తగిలించాను. అతడు దానిని ఊడదీసి, పది నిమిషాలు ఊరకుండి, తరువాత నా తాళంచెవి ఒక్కదానినే పెట్టి తిప్పాడు. కారు వెంటనే కదిలింది. "తప్పేం లేదు సార్. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే దానికేం వినబడుతుంది?" అన్నాడు.

ఆ మాటలోని శాస్త్రాన్ని తెలుసుకొనడానికి ఆ తరువాత కొంత చదివాను, కొంత అతడిని అడిగాను. ఈ పాఠంలో చెప్పదలచినది అదే.

దొంగల బారినుండి కారును కాపాడడానికి అమర్చే ఈ ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు. కదలనీయనిది అని దాని అర్థం. తలుపు తాళం, హారన్ మోగే అలారం వేరు, ఇది వేరు. అలారం కేకలు వేసి నలుగురినీ పిలుస్తుంది. ఇమ్మొబిలైజర్ కేకలు వేయదు. వచ్చినవాడు యజమాని అని రుజువయ్యేదాకా ఇంజనుకు ఇంధనాన్నీ, నిప్పురవ్వనూ అందనీయదు. కొన్ని వాహనాలలో సెల్ఫ్ మోటారును కూడా తిరగనీయదు.

ఇది పనిచేసే తీరు భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. తాళంచెవి పిడిలో, నల్లని ప్లాస్టిక్కు లోపల, ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉంగరం వలె ఒక తీగచుట్ట అమర్చి ఉంటుంది. తాళంచెవిని తిప్పగానే ఆ తీగచుట్ట సాధారణంగా 125 కిలోహెర్ట్‌జ్ ప్రాంతపు పౌనఃపున్యంతో మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చిప్‌తోపాటు ఉన్న మరొక సూక్ష్మమైన తీగచుట్టలో ఆ క్షేత్రం వల్ల విద్యుత్తు ప్రేరితమవుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది. కారు పంపిన ఆ కొద్దిపాటి శక్తితోనే చిప్ మేల్కొని కారుకు జవాబు చెబుతుంది. ఈ సంభాషణ కొన్ని సెంటీమీటర్ల దూరంలో మాత్రమే సాగుతుంది. కంటిరెప్పపాటు కాలంలో ముగిసిపోతుంది. అందువల్లనే దీని ఉనికి సరిగా పనిచేసినన్నాళ్లూ మనకు తెలియదు.

ఈ సంభాషణ మొదట ఇంత నిగూఢంగా లేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1986 మోడల్ కార్వెట్ కారులో ప్రవేశపెట్టిన పద్ధతిలో తాళంచెవిపై ఒక చిన్న నిరోధకాన్ని పొదిగారు. ఆ నిరోధకపు విలువ కారుకు తెలిసినదైతే ఇంజను నడుస్తుంది. కాకపోతే కొన్ని నిమిషాలపాటు కారు మొరాయిస్తుంది. అయితే అటువంటి విలువలు మొత్తం 15 మాత్రమే. ఓపిక గల దొంగకు 15 పెద్ద సంఖ్య కాదు. పైగా ఆ నిరోధకాన్ని మీటరుతో కొలవవచ్చు. ఇది కేవలం ఉంగరం చూపడం వంటిది. ఉంగరానికి నకలు చేయించవచ్చు గదా!

తరువాత వచ్చిన చిప్‌లలో మొదటి రకంవి తమ సంఖ్యను మాత్రమే చెప్పేవి. ఎప్పుడు అడిగినా అదే సంఖ్య. ఒకసారి చాటుగా విన్నవాడు మళ్లీ దానిని వల్లించగలడు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చినదే ప్రశ్నోత్తర పద్ధతి. కారు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను, ముందుగా ఎవరూ ఊహించలేని దానిని, చిప్‌కు పంపుతుంది. చిప్ తనలో దాచుకొన్న రహస్యసంఖ్యతో దానిని కలిపి, ఒక గూఢలిపి సూత్రం ప్రకారం గణించి, జవాబును మాత్రమే పంపుతుంది. కారు కూడా తనలోని రహస్యసంఖ్యతో అదే లెక్క వేసుకొంటుంది. రెండు జవాబులూ సరిపోతే తలుపు తెరిచినట్లే. రహస్యం మాత్రం ఒక్కసారి కూడా బయటికి పలుకబడదు. సీతాదేవి హనుమంతుని ప్రశ్నించిన తీరు ఇందుకు ఎంత దగ్గరగా ఉన్నదో విద్యార్థులు గమనించాలి. రాముని ఎరిగినవాడు మాత్రమే చెప్పగల సమాధానం ఆమె కోరింది. ఉపమానాన్ని ఇంతకన్నా లాగకూడదు. కారుకు కరుణ లేదు, విచక్షణ లేదు; ఉన్నది లెక్క ఒక్కటే.

ఆ లెక్క కూడా దుర్భేద్యమని చెప్పలేము. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్.ఎస్.ఏ. లేబొరేటరీస్ పరిశోధకులు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ తయారుచేసిన ఒక చిప్ రహస్యాన్ని ఛేదించి చూపారు. లక్షలాది కార్ల తాళంచెవులలో ఉన్న ఆ చిప్‌లోని రహస్యసంఖ్య పొడవు 40 బిట్లు. అంటే రెండును నలభైసార్లు వేసి గుణిస్తే వచ్చేటన్ని అవకాశాలు. దాదాపు లక్షా పదివేల కోట్లు. మనిషికి అది లెక్కపెట్టరాని సంఖ్య. వారు కూర్చిన యంత్రానికి మాత్రం గంట పని. ఆ తరువాత వచ్చిన చిప్‌లలో రహస్యసంఖ్యల పొడవు పెరగడానికి ఇటువంటి పరిశోధనలు కారణమయ్యాయి.

లోపాలున్నా ఈ ఏర్పాటు విలువ ఎంతటిదో, అది లేనిచోట తెలిసివచ్చింది. బ్రిటన్ 1998 నుండి, కెనడా 2007 నుండి కొత్త కార్లలో ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేశాయి. అమెరికాలో అటువంటి నిబంధన రాలేదు. అక్కడ విక్రయించిన హ్యుందాయ్, కియా కార్లలో తాళంచెవితో తిప్పి నడిపే అనేక మోడళ్లకు ఈ ఏర్పాటు లేకపోయింది. మన పెనుకొండ దగ్గర కర్మాగారం గల కియా సంస్థే అది. 2021 నుండి అక్కడి పట్టణాలలో కుర్రవాళ్లు తాళం పెట్టే భాగాన్ని విరిచి, యూఎస్‌బీ తీగ కొసతో తిప్పి ఆ కార్లను ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. దానిని వీడియోలుగా తీసి ఒకరినొకరు రెచ్చగొట్టుకొన్నారు. ప్రాణాలు కూడా పోయాయి. ఆ సంస్థలు 2023లో సాఫ్ట్‌వేర్ మార్పులను ఉచితంగా అందించవలసి వచ్చింది. బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దదైన చిప్ లేకపోవడం వల్ల ఇంత జరిగింది.

కావలివాడు ఎంత నమ్మకస్థుడైనా అప్పుడప్పుడు యజమానినే అటకాయిస్తాడు. అప్పుడు ఏమి చేయాలి? నేను ఆ రాత్రి చేసిన పనులలో దాదాపు అన్నీ తప్పులే. కనుక వాటినే ఆధారంగా చేసుకొని చెప్పడం సులభం.

కారు కదలనప్పుడు మొట్టమొదట చేయవలసినది చెయ్యి ఆపడం, చెవి యొగ్గడం. తాళంచెవి తిప్పగానే 'టిక్' అనే శబ్దం మాత్రమే వచ్చి, లైట్లు మసకబారితే అనుమానించవలసినది బ్యాటరీని. సెల్ఫ్ మోటారు నీరసంగా, ఈడ్చుకొంటూ తిరిగినా అంతే. పూర్తిగా చార్జి అయి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 వోల్టులకన్నా తగ్గితే దానిలో సత్తువ లేనట్లే. బ్యాటరీని ముందుగా చూడమని చెప్పడానికి మరొక కారణం కూడా ఉన్నది. వోల్టేజి బాగా తగ్గినప్పుడు ఇమ్మొబిలైజర్ తన పని తాను చేయలేక, సరియైన తాళంచెవిని కూడా కాదనవచ్చు. అప్పుడు తాళాన్ని తప్పుపట్టడం వ్యర్థం. వేరొక కారు బ్యాటరీనుండి తీగలు కలిపేటప్పుడు ధనధ్రువాన్ని ధనధ్రువానికే కలపాలి. ధ్రువాలు తారుమారైతే ఇంజనును నడిపే కంప్యూటర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

సెల్ఫ్ మోటారు హుషారుగా తిరిగి, ఇంజను అందుకోకపోయినా, లేక క్షణం పలికి వెంటనే ఆగిపోయినా, చూపు డ్యాష్‌బోర్డు మీదికి పోవాలి. తాళంచెవి బొమ్మగానీ, కారుపై తాళంకప్ప వేసిన బొమ్మగానీ ఉన్న దీపం అక్కడ ఉంటుంది. తాళంచెవి తిప్పగానే ఆ దీపం రెండు మూడు క్షణాలు వెలిగి ఆరిపోతే చాలా వాహనాలలో అంతా సవ్యంగా ఉన్నట్లు. ఆరకుండా ఉన్నా, ఆగి ఆగి వెలుగుతున్నా కారు మనలను గుర్తించలేదని అర్థం. కారును ఆపి తాళం వేసినప్పుడు అదే దీపం మెల్లగా మినుకుమినుకుమనడం మాత్రం దోషం కాదు. కావలి మొదలైనదని సూచన. కంపెనీని బట్టి ఈ సంకేతాలు కొంత మారుతాయి. కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఇవన్నీ ఉంటాయి. మనలో చాలామందిమి ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు విప్పకుండా భద్రపరుస్తాము. నాది ఏడేళ్లు అట్లాగే ఉన్నది. దీపం వెలుగుతున్నా చదవడం రాని నేను, ఆ రాత్రి, నిరక్షరాస్యుడనే!

దీపం వల్ల దోషం ఇమ్మొబిలైజర్‌దేనని తెలిస్తే, తరువాత తాళంచెవిని గుత్తినుండి వేరుచేయాలి. ఒకే గుత్తిలో రెండు కార్ల తాళంచెవులుంటే, తీగచుట్ట పుట్టించిన క్షేత్రంలో రెండు చిప్‌లూ మేల్కొంటాయి. రెండూ ఒక్కసారే జవాబు చెబుతాయి. కారుకు ఏ ఒక్కటీ స్పష్టంగా వినిపించదు. పెద్ద లోహపు బిళ్లలు, లావుపాటి ఇనుప వలయాలు కూడా ఆ క్షేత్రాన్ని చెదరగొడతాయి. నా కారు విషయంలో జరిగినది ఇదే.

వేరుచేసిన తరువాత వెంటవెంటనే తిప్పకూడదు. గుర్తు తెలియని తాళంతో పదేపదే ప్రయత్నించడం దొంగ లక్షణమని కారు భావిస్తుంది. కొన్ని వాహనాలు కొన్ని నిమిషాలపాటు, కొన్ని అంతకన్నా ఎక్కువసేపు ఏ తాళాన్నీ అంగీకరించకుండా ముడుచుకొంటాయి. నేను ఎనిమిదిసార్లు తిప్పాను. మెకానిక్ పది నిమిషాలు ఊరకున్నాడు. ఆ ఊరకుండడం అతని విద్యలో భాగమని అప్పుడు నాకు తెలియదు.

కారును తోయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బ్యాటరీ పోయిన పాతకాలపు కారును తోసి కదిలించడం మనకు అలవాటు. అక్కడ లోపించినది తిప్పే బలం; నలుగురి భుజాలు దానిని ఇవ్వగలవు. ఇక్కడ లోపించినది అనుమతి. ఇంధనమూ నిప్పురవ్వా అందనప్పుడు నలుగురు కాదు, నలభైమంది తోసినా ఇంజను పలుకదు. వానలో తడిసి నా కారును తోసిన ఆ పిల్లలకు ఈ సంగతి చెప్పలేకపోయినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంటిలో రెండవ తాళంచెవి ఉంటే దానితో చేసే పరీక్షకు మించినది లేదు. దానితో కారు నడిస్తే దోషం మొదటి తాళంచెవిలో ఉన్నట్లు. కిందపడి లోపలి చిప్ పగిలి ఉండవచ్చు. రెండింటితోనూ నడవకపోతే దోషం కారులో ఉన్నట్లు. తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలు అనేది ఇదే: అది ఉంటే ఇది ఉండడం, అది లేకుంటే ఇది లేకపోవడం. అందుకే రెండవ తాళంచెవిని కారులోనే పెట్టి తిరగడం అవివేకం.

చాలామంది చెప్పే ఒక సందేహానికి సమాధానం ఇక్కడ చెప్పాలి. "దూరంనుండి మీట నొక్కితే తలుపులు తెరుచుకోవడం లేదు, కాబట్టి కారు కూడా నడవదు" అని భయపడుతుంటారు. ఆ మీటలు పనిచేయడానికి తాళంచెవిలో నాణెం వంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. చాలా వాటిలో 3 వోల్టుల సి.ఆర్. 2032 రకం వాడుతారు. అది అయిపోయినా లోపలి ట్రాన్స్‌పాండర్ నిద్రలేవడానికి ఆటంకం లేదు. దాని శక్తి కారునుండే వస్తుంది గదా. తాళం పెట్టకుండా బొత్తాం నొక్కి నడిపే కార్లలో కూడా ఇందువల్లనే ఒక ఉపాయం ఉన్నది. బ్యాటరీ అయిపోయిన తాళాన్ని ఆ బొత్తానికే ఆనించిగానీ, పుస్తకంలో చూపిన చోట ఉంచిగానీ నొక్కితే కారు గుర్తుపడుతుంది. మీట పనిచేయక, మామూలు తాళంతో తలుపు తీసినప్పుడు అలారం మోగితే కంగారుపడవద్దు. చాలా కార్లలో ఇగ్నిషన్‌లో సరియైన తాళంచెవి పెట్టి తిప్పగానే అది శాంతిస్తుంది.

వీధిలో తాళాలు చేసేవారి దగ్గర తక్కువ ఖర్చుతో నకలు చేయించుకొన్నవారికి ఎదురయ్యే చిక్కు మరొకటి. పళ్లు సరిగా కోసిన తాళం తలుపు తీస్తుంది, ఇగ్నిషన్‌లో తిరుగుతుంది. ఇంజను మాత్రం పలికి ఆగిపోతుంది. లోహాన్ని నకలు చేశారేగానీ లోపల జవాబు చెప్పే చిప్ లేదు. చిప్ ఉన్న తాళాన్ని కొన్నా, దానిని కారు జ్ఞాపకంలో నమోదు చేయించాలి. ఆ పని చేసేవారు ఆర్.సి.నీ గుర్తింపు కార్డునూ అడుగుతారు. విసుక్కోకూడదు, అడగకుండా చేసేవారినే అనుమానించాలి. తాళంచెవి పోయినప్పుడు కొత్తది చేయించుకొనడంతో సరిపెట్టకుండా, పోయినదానిని కారు జ్ఞాపకంనుండి తొలగించమని కోరడం మరచిపోరాదు.

రెండు తాళాలకూ కారు లొంగనప్పుడు మనం మెకానిక్‌ను పిలవడమే మేలు. తాళపు రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట తెగి ఉండవచ్చు. ఫ్యూజు పోయి ఉండవచ్చు. మన ప్రాంతంలో ఎలుకలు తీగలను కొరకడం చాలా సాధారణమైన కారణమని మెకానిక్ చెప్పాడు. వానకాలంలో వెచ్చని ఇంజను వాటికి మంచి విడిది. డ్యాష్‌బోర్డు కింద, డ్రైవరు మోకాళ్లకు దగ్గరగా, 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే దోషం సంకేతరూపంలో కనిపిస్తుంది. పి 0513 అని వస్తే తాళంచెవి సరియైనది కాదని కారు ఫిర్యాదు. ఊహతో భాగాలు మార్చుకొంటూ పోయేవారికన్నా ముందుగా ఈ స్కానర్ తగిలించేవారిని నమ్మవచ్చు. బ్యాటరీ తీగలు ఊడదీసి పెడితే అన్నీ సర్దుకొంటాయని కొందరు సలహా ఇస్తారు. నమోదైన తాళాలు దానివల్ల మారవు. రేడియో గుర్తుసంఖ్య వంటివి మాత్రం పోయి కొత్త తలనొప్పి మొదలుకావచ్చు.

పాత కారు కొనేవారికి రెండు విషయాలు. రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాలి. మునుపటి యజమాని బయటి దుకాణంలో విడిగా దొంగభయపు ఏర్పాటేదైనా పెట్టించాడా అని అడగాలి. అటువంటివి చాలావరకు పెట్రోలు పంపుకు పోయే తీగను మధ్యలో తెంచి ఒక రిలే అమర్చి చేసినవి. ఆ రిలే తుప్పుపట్టినా, సీటు కింద దాచిన స్విచ్ సంగతి కొత్త యజమానికి తెలియకపోయినా కారు నడవదు. డ్యాష్‌బోర్డు దీపం మాత్రం ఏ దోషమూ చూపదు. అట్లాగే పాడైన ఇంజను కంప్యూటర్ స్థానంలో ఆటోనగర్‌లో దొరికే పాతదానిని బిగించినా ప్రయోజనం ఉండదు. అది తన పాత కారు తాళాన్నే తలచుకొంటూ ఉంటుంది. దానికి కొత్త తాళాన్ని పరిచయం చేయడం అందరికీ తెలిసిన పని కాదు.

పక్కింటి మామ్మగారు నాలుగవరోజు సాయంత్రం ఆసుపత్రినుండి ఇంటికి వచ్చింది. ఆమెను తీసుకువచ్చినది నా కారులోనే. ఎక్కబోతూ, "ఇవాళ నిన్ను గుర్తుపట్టిందా నాయనా?" అని అడిగింది. తాళంచెవిని జేబులోనుండి తీసి చూపించాను. గుత్తి లేదు, ఒక నూలుదారానికి అదొక్కటే వేలాడుతున్నది.

అభ్యాసం

1. సీతాదేవి హనుమంతుని పరీక్షించిన విధానానికీ, ప్రశ్నోత్తర పద్ధతిలో పనిచేసే ఇమ్మొబిలైజర్‌కూ గల పోలికను వివరించండి. ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందని రచయిత భావించాడు?
2. తాళంచెవిలోని చిప్‌కు బ్యాటరీ లేకపోయినా అది ఎట్లా పనిచేస్తుంది?
3. "ఇక్కడ లోపించినది అనుమతి" – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. సెల్ఫ్ మోటారు బాగా తిరుగుతున్నా ఇంజను క్షణం పలికి ఆగిపోతున్నది. తాళంచెవి దీపం ఆగి ఆగి వెలుగుతున్నది. ఆ కారు యజమానికి మీరు ఇచ్చే సలహాలను ఒక లేఖగా రాయండి.
5. కింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి: ఆనవాలు, అటకాయించు, చెవి యొగ్గు, మొరాయించు.